గుంటలకు పేరు పెట్టిన పైడితల్లి

ఫోన్లొచ్చినా రోడ్డు రాని ఓ ఊళ్లో పైడితల్లి సైకిల్ మీద కోడిగుడ్లు అమ్ముకునేది. గుంటల పుణ్యమా అని సంతకి చేరేసరికి సగం పగిలేవి. "బయల్దేరేటప్పుడు గుడ్లమ్మిని, చేరేసరికి అట్లమ్మిని" అని తన మీద తనే నవ్వుకునేది.

ప్రెసిడెంటు భూషణం గారికి పేరు పిచ్చి. బస్టాపు మొదలు శ్మశానం గేటు దాకా ఆయన పేరే. పైడితల్లికి కంప్యూటర్ వచ్చని తెలిసి పిలిపించారు.

"ఏమే పిల్లా, మన ఊరిని ఫోన్ మ్యాపులోకి ఎక్కించు. ఊళ్లో కనబడే ప్రతిదానికీ నా పేరుండాలి."

"ప్రతిదానికీనా బాబూ?"

"ఒక్కటి తప్పినా ఊరుకోను."

ఎమ్మెల్యే గారు ఊరికొచ్చిన రోజు, ఆయన కార్లోనే కూర్చుని భూషణం గారు గొప్పగా ఆ మ్యాపు పెట్టించారు. ఫోన్లో ఆడగొంతు తియ్యగా పలికింది. "ముందు భూషణం గారి గుంట. తర్వాత భూషణం గారి పెద్ద గుంట. ఎడమ పక్క భూషణం గారి బురద."

"చాలా ఆస్తే సంపాదించావయ్యా" అన్నారు ఎమ్మెల్యే, నడుం పట్టుకుని.

సాయంత్రం భూషణం గారు పైడితల్లి మీద విరుచుకుపడ్డారు. "ఆ పేర్లు తీసెయ్."

"కనబడేవాటికి పెట్టమన్నారు కదా బాబూ. గుంటలు కనబడకుండా చేయించండి, పేర్లూ కనబడవు."

మర్నాడే కంకర లారీలు దిగాయి. గుడ్లు గుడ్లుగానే సంతకి చేరాయి.

"కొత్త రోడ్డుకి నా పేరు పెట్టావా?" అనడిగారు భూషణం గారు.

"పెట్టాను బాబూ. గుంట పడితే దానికి మార్చేస్తాను."