ధార ఆగిన పిండిమర

గొర్రెల దొడ్డి పక్కన జంతువులన్నీ కలిసి పెట్టుకున్న పిండిమర ఒకటుంది. దాన్ని తిప్పేది ముసలి ఎద్దు. జొన్న నూక, తవుడు, ఎండుచేపల పొడి పైనున్న గరాటులాంటి తొట్టిలో పోస్తే, సన్నని గొంతులోంచి జారి రాళ్ల మధ్య నలిగి, కాపలా కుక్కలకు తిండిగా రాలుతుంది. కుక్కలకు తిండి లేక అప్పటికి రెండు రోజులైంది. తోడేళ్లు కొండ దిగడానికి కాచుకుని ఉన్నాయి. పొద్దుగూకేలోగా కుక్కల కడుపు నిండకపోతే దొడ్డిలో గొర్రెపిల్ల ఒక్కటి మిగలదు.

అలాంటి రోజున తొట్టి నింపే పని నక్కకిచ్చారు. ఎవరిచ్చారని అడక్కండి, మంచివాళ్లే ఇచ్చారు. నక్క అప్పటికే తోడేళ్లతో వాటా మాట్లాడుకుంది. అనుమానం రాకుండా అడుగున పొడి సరుకు పోసి, పై సరుకును బెల్లం నీళ్లతో తడిపి అదిమింది. అది జారి గొంతులో ఇరుక్కుంటుందని దాని ఎత్తు.

ఎద్దు తిప్పింది. కాసేపు పిండి బాగానే రాలింది. తర్వాత ధార సన్నబడి ఆగిపోయింది. రాయి రాయి రాసుకుని కమురు వాసన వచ్చింది. ఎద్దు నిలబడిపోయింది.

"ఆగావేం మామా? తొట్టి నిండుగా ఉంది, గట్టిగా తిప్పు" అంది నక్క.

"కింద ఏమీ రాలడం లేదు అల్లుడూ. ఉత్త రాళ్లు తిప్పితే పగులుతాయి. ఇక మనకు పిండిమరే ఉండదు."

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని ఊరికే అన్నారా? అంచు దాకా సరుకుంటే ఉత్త రాళ్లంటావేం?"

అంతలో కుక్కలు వచ్చాయి. "పొద్దు వాలిపోతోంది మామా. ఇప్పుడా నీ బద్ధకం?" అంది పెద్దకుక్క.

ఆ మాట ఎద్దుకు గుచ్చుకుంది. అయినా తిప్పలేదు. కొమ్ముతో తొట్టిని తట్టి చూసింది. పైభాగం బరువుగా మోగింది, నడుము నుంచి కింద అంతా డొల్ల. పైన పటారం, లోన లొటారం.

"తప్పు నాదే కావచ్చు అల్లుడూ. నువ్వొకసారి ఆ నిండు సరుకు మీద నిలబడు. అది నిన్ను మోస్తే, రాళ్లు పగిలినా సరే, తిప్పుతాను."

కుక్కలన్నీ నక్క వంక చూశాయి. కాదంటే దొరికిపోతుంది. అడుగున సరుకంతా నలిగిపోయి పైనున్న తడి సరుకు తొట్టి గోడలకు కప్పులా అంటుకుందని దానికి తెలియదు. ధీమాగా దూకింది. కప్పు విరిగింది. ముద్దలతో సహా గొంతు దాకా జారి మెడ వరకు కూరుకుపోయింది.

పెద్దకుక్క వాసన చూసింది. "ఇందులో బెల్లం నీళ్లు ఎవరు పోశారు?"

తొట్టి నింపింది నక్కే. కుక్కలు దాన్ని చెవి పట్టి బయటికి ఈడ్చి కొండ వైపు తరిమాయి. వచ్చి, ఆ తడి ముద్దల్నే ఆబగా తిని, పొద్దుగూకక ముందే దొడ్డి చుట్టూ నిలబడ్డాయి.

వాటిని చూసి తోడేళ్లు ఖాళీ కడుపుతో వెనుదిరిగాయి. దారిలో వాటికి ఎదురైంది నక్క.

నీతి: మర తిప్పేవాడు తొట్టి నిండుదనం చూసి మురవకూడదు, కింద రాలే ధార చూసుకోవాలి.