కంబాలమ్మ స్తంభం వెనుక పీట

రేవుపట్నంలో ఓడరేవుకు ఎదురుగా ఉన్న రెండంతస్తుల తెల్లని భవనమే కంబాలమ్మ మేడ. పెద్ద అతిథులు వచ్చినప్పుడు ప్రభుత్వం విందులిచ్చేది ఇక్కడే. శుక్రవారాలు మాత్రం భక్తులవి. విందుశాల నట్టనడుమ పసుపు కుంకుమలు అలదిన స్తంభం ఉంది. దాని అడుగున ఉన్న రాయే అమ్మవారు. ఎదుటివారి ముఖం కనబడనివ్వకుండా ఈ అడ్డేమిటని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు విసుక్కుంటారు. నాలుగు నాళ్ళు పోయాక వారే కొబ్బరికాయ కొడతారు.

పూర్వం ఇక్కడ పశువులు మేసే బయలు ఉండేది. ఓడ వర్తకుడు నాగళ్ళ సోమిశెట్టి, దివానుగారికి విందు చేయదగిన మేడ కట్టాలని పునాదులు తవ్వించగా, ఏనాటి కాపరులు కొలిచినదో, ఈ రాయి బయటపడింది. "అమ్మ ఉన్నచోట మనకు మేడేమిట్రా, వదిలెయ్" అన్నాడు అన్న రంగశెట్టి. తమ్ముడు వినలేదు. మాటా మాటా పెరిగి, తండ్రి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకు పెంచిన ఆ అన్నే రాకపోకలు మానేశాడు.

అటుపిమ్మట సోమిశెట్టికి అమ్మ కలలో కనిపించింది. "నన్ను కదపకు. నీ ఇంటి బరువు నేనే మోస్తాను. మీ అన్న ఇక్కడ తిన్ననాడే నాకు నైవేద్యం అందుతుంది" అని చెప్పింది. సోమిశెట్టి ఆ రాతి మీదనే స్తంభం నిలబెట్టించాడు.

మేడ పూర్తయింది. అన్నను పిలవడానికి సోమిశెట్టికి మొహం చెల్లక, భార్య పేరిందేవమ్మ వెళ్ళింది. "మీ తమ్ముడి సంగతి మీకు తెలియనిదా బావగారూ? మీరు రాకపోతే అమ్మ పస్తుంటుంది" అన్నది. రంగశెట్టి వచ్చాడు గాని ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి పీటలన్నీ నిండిపోయి, స్తంభం వెనుక ఒక్క పీట మిగిలింది.

"పిలిచి మరీ చాటున కూర్చోబెడతారా?" అని ఆయన వెనుదిరిగాడు. గడప దాటితే మళ్ళీ వచ్చే మనిషి కాడు. సోమిశెట్టి దివానుగారి పక్కనుంచి తటాలున లేచి, ఆ చాటు పీట మీద తానే కూర్చున్నాడు.

"ఇది ఇంటివాడి చోటు అన్నయ్యా. నువ్వు వెళ్ళి దివానుగారి పక్కన కూర్చో."

రంగశెట్టి వెనక్కి వచ్చి, "దివానుతో నాకేం పనిరా? జరుగు" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే విస్తరిలో తిన్నారు. ఇద్దరికీ కళ్ళనీళ్ళు ఆగలేదు. దివానుగారు, పాపం, పక్కన ఖాళీ పీటతో భోంచేశారు.

మేడ ప్రభుత్వం చేతికి వచ్చినా, నేటికీ ఇక్కడి విందుల్లో ఆతిథ్యమిచ్చేవారు, మంత్రిగారైనా సరే, స్తంభం వెనుకే కూర్చుంటారు. పక్కన అలిగినవారి కోసం ఒక కుర్చీ వేస్తారు. ప్రభుత్వం మీద అలిగినవారికి కొదవేముంది, అది ఖాళీగా మిగిలిన విందు లేదు. మాటలు లేని అన్నదమ్ములు, తోడికోడళ్ళు శుక్రవారం నాడు ఇక్కడ ఒకే విస్తరిలో దద్దోజనం తింటే పట్టింపులు తొలగి ఇల్లు చల్లగా ఉంటుందని నమ్మకం. భక్తులకు ఒక్కటే మనవి. ఎవరు ముందు పలకరించాలా అని గుమ్మంలో నిలబడిపోకండి. మీరిద్దరూ లోపలికి వచ్చేదాకా అమ్మ కూడా తినదు.