లస్మవ్వ బీడీ కట్ట

ప్రశ్నకు సూటిగా జవాబు చెబితే ఆచార్య వకుళాదేవి గారి నోటి ముత్యాలు రాలిపోతాయేమో! జరిగిందేదో ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఆవిడ దగ్గర పరిశోధన చేసే నవనీత నేతపని వాళ్ల అమ్మాయి. తమ ఇంటి నుంచి మొట్టమొదటగా యూనివర్సిటీకొచ్చిన ఆడపిల్లలు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారన్నది ఆమె విషయం. మూడో అధ్యాయం దగ్గర నెల్లాళ్లుగా బండి కదలడం లేదు. ఇంట్లోవాళ్లకేం తెలుస్తుందిలే అని వాళ్లకు ఫోన్లూ తగ్గించింది.

ఒకనాడు ఆమె ఓ విద్యార్థిని నింపిచ్చిన ప్రశ్నావళి పట్టుకొచ్చింది. "మేడమ్, తల్లి చదువు అన్నచోట 'లేదు' అని రాసింది. చదువులో సాయం చేసేదెవరంటే 'అమ్మ' అంది. పొరపాటే కదా, తీసెయ్యనా?"

మేడమ్ పేరు చూసి నవ్వారు. నిరుడు ఈ రజిత స్టాటిస్టిక్స్ పరీక్ష తప్పి, చదువు మానేస్తానని దరఖాస్తు పట్టుకుని ఆవిడ గదికే వచ్చిందట. ముందు ఇంట్లో చెప్పమన్నారు. పాఠం అర్థం కావట్లేదు, ఇంటికొచ్చేస్తానని పిల్ల అక్కడే ఏడుస్తూ, మేడమ్‌కూ వినబడేలా ఫోన్ చేసింది. తల్లి లస్మవ్వ బీడీలు చుడుతూ స్పీకర్ పెట్టింది.

"రా బిడ్డా, ఎవరొద్దన్నరు? గని గా అర్థంగాని పాఠమేందో చెప్పి రా."

"క్రమవిచలనం, అవ్వా. గదే, స్టాండర్డ్ డీవియేషన్."

"అంటే?"

రజిత ముక్కు తుడుచుకుంది. "నీ కట్టల బీడీలన్నీ ఒక్క తీరుంటయి. పక్కింటి గంగవ్వ కట్టల ఒకటి లావు, ఒకటి సన్నం. తూకమేస్తే రెండు కట్టలూ ఒక్కటే."

"మరి తేడా ఏడున్నది?"

"బీడీ బీడీకి ఉన్న గా తేడా ఎంతనో లెక్కగట్టుడే, అవ్వా!"

"గిది నాకెరుకే. దీనికా ఏడుస్తున్నవ్?"

పిల్ల కన్నీళ్లలోనే నవ్వేసింది. దరఖాస్తు మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం తల్లికి ఒక పాఠం చెబుతోంది. తల్లి 'అంటే?' అంటుంది, అంతే. ఈ ఏడు జూనియర్లకు స్టాటిస్టిక్స్ అర్థం కాకపోతే హాస్టల్లో రజిత గదికే పరుగెడుతున్నారు. ఎంత గట్టి పిల్ల! ఆ తల్లి ఇంకా గట్టిది.

నవనీత ఆ ప్రశ్నావళిని జాగ్రత్తగా మిగతావాటి కట్టలో పెట్టేసింది. "తీసెయ్యను మేడమ్" అంది.

"మంచిది. ఖాళీది ఒకటి నీ దగ్గర ఉంచుకో," అన్నారు మేడమ్. "మీ నాన్న మగ్గం దిగాక మూడో అధ్యాయం ఏమిటో ఫోన్లో ఆయనకు చెప్పి, నువ్వు నింపుదువు గాని."