ఊలు పూల బానలు

కోసేసిన ఊలు అల్లికను ప్రసూనాంబ, ఆశ్రమం నడిపే గవిసిద్ధయ్య సామి ముందు నేల మీద పడేసింది.

"సామీ, ఈ ఆశ్రమంలో మారెన్నయినా ఉండాలి, నేనైనా ఉండాలి. ఇద్దరం ఉండే పని లేదు."

సామి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. తల తిప్పి చూశాడు. ఎర్ర గులాబీలు, పచ్చ చిలకలు, వాటి నడుమ పైనుంచి కిందిదాకా ఒక కత్తి గాటు.

"వాడేనా కోసింది?"

"వాడే. దాచనైనా దాచలేదు. 'నేనే కోసినా టీచరమ్మా' అని నా మొహం మీదే చెప్పాడు. అల్లికను కత్తి పెట్టి కోస్తారా ఎవరైనా? చివరి ముడి విప్పి దారం లాగితే మొత్తం దానంతటదే ఊడి వస్తుంది. ఆ మాత్రం తెలియదు వాడికి. కోడిని కోసినట్టు కోశాడు!"

ప్రసూనాంబ ముప్పయ్యొక్క ఏళ్ళు బాలికల హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా చేసింది. రిటైరయ్యాక ఇల్లు తమ్ముడికి అప్పగించి ఈ కొండ కింది ఆశ్రమానికి వచ్చేసింది. నగలు వదిలింది, కాఫీ వదిలింది, టీవీ వదిలింది. క్రోషా సూది మాత్రం వదల్లేదు. అది చేతిలో ఉన్నంతసేపూ ఆమె కంటికి లోకంలో ప్రతి వస్తువూ బోసిగానే కనబడుతుంది.

వచ్చిన ఏడాదే గేటు కమ్ములకు తొడుగులు అల్లింది. తర్వాత కుళాయికి టోపీ, వేపచెట్టు మొదలుకు చారల చొక్కా, రాతి అరుగుకు పూల దుప్పటి. సామి సైకిలు సీటుకు నెమలికన్నుల తొడుగు వేసింది. వాన కురిసిన మర్నాడు సామి ఆ సైకిలెక్కి ఊళ్ళోకి వెళ్ళి, వెనక తడిసిపోయిన పంచెతో తిరిగొచ్చాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెప్పు అనుకుంది ప్రసూనాంబ.

ఈ వేసవిలో ఆమె కన్ను రోడ్డు పక్కనున్న చలివేంద్రం మీద పడింది. పందిరి కింద మూడు పెద్ద బానలు. మారెన్న వాటికి గోనెపట్టాలు చుట్టి, గంటకోసారి వాటిని తడుపుతూ, దారిన పోయేవాళ్ళ దోసిట్లో నీళ్ళు పోస్తాడు. ఆ గోనెలు నల్లబడి, నాచు పట్టి ఉండేవి. వాటిని చూస్తేనే ప్రసూనాంబ మొహం తిప్పుకునేది. నలభై రోజులు కూర్చుని మూడు బానలకూ ఊలుతో తొడుగులు అల్లింది. ఎవరూ ఊడదీసే వీల్లేకుండా బాన మీదే అల్లుకుంటూ వచ్చి మూతి దగ్గర బిగించి ముడేసింది. గోనెలు తీసి చెత్త దిబ్బ మీద పారేయించింది.

"ఒక్క చుక్క పడనివ్వకు. ఊలు సాగుతుంది, రంగు పోతుంది," అని మారెన్నకు మరీ మరీ చెప్పింది.

నాలుగో రోజు పొద్దున వాడు కత్తి తీశాడు.

"మూడూ కోశాడా?" అడిగాడు సామి.

"ఒకటి. రెండోదాని మీద చెయ్యి వేస్తుండగా నేను వెళ్ళాను. లేకపోతే మూడూ పోయేవి."

"అయితే వాణ్ణి పంపించేద్దాం."

వాదించడానికి ఆమె దాచుకొచ్చిన మాటలన్నీ అక్కర్లేకుండా పోయాయి.

"రెండింటికి బస్సుంది. దానికి వెళ్ళిపొమ్మని నువ్వే చెప్పు," అన్నాడు సామి. "వాడి బదులు చలివేంద్రంలో ఎవరు కూర్చుంటారు?"

"నేను కూర్చుంటాను. నీళ్ళు పొయ్యడం నాకు చేతకాదా?"

"అయితే వెళ్ళు. ఎండ ముదురుతోంది."

చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, చేతికర్ర తీసుకుని, పక్కూళ్ళో ఎవరో మంచాన పడ్డారంటే చూడ్డానికి ఆయన నడిచి వెళ్ళిపోయాడు.

మారెన్నకు యాభై దాటాయి. వాడి ఊరు డ్యాము నీళ్ళలో మునిగి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ ఈ పందిరే వాడి ఊరు.

"రెండింటి బస్సుకు వెళ్ళిపో. సామి చెప్పమన్నారు," అంది ప్రసూనాంబ.

వాడు చేతిలో ముంతను అటూ ఇటూ తిప్పాడు. "యా ఊరికి టీచరమ్మా?"

"నాకేం తెలుసు? కత్తి పట్టుకునేటప్పుడే ఉండాల్సింది ఆ ఆలోచన."

"సరే. బస్సు వచ్చేదంకా చేతులు ముడుచుకొని కూచోలేను. ఆ బోడి బాన నాకియ్యి. అవతల కానుగ చెట్టు కింద పెట్టుకుంటా."

"తీసుకుపో. నా కళ్ళకు కనబడకుండా పెట్టుకో."

కనబడకుండా పెట్టడానికి అక్కడ చోటేది? రోడ్డుకు అవతల ఉన్నది ఒకే ఒక్క చెట్టు. వాడు బానను దాని కిందికి దొర్లించుకుపోయాడు. బిందెతో నీళ్ళు మోసి నింపాడు. చెత్త దిబ్బలోంచి పాత గోనె వెతికి తెచ్చి, ఉతికి, తడిగా చుట్టాడు. ఇవన్నీ ప్రసూనాంబ చూస్తూనే ఉంది. చూసేకొద్దీ ఒళ్ళు మండింది.

మొదట ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకుని దోసిలి పట్టాడు. ఒక గుక్క మింగి ఆగిపోయాడు.

"అమ్మా, టీపొడి ఎయ్యడం మర్చిపోయినట్టుండావే."

చేతులు దులుపుకుని రోడ్డు దాటి కానుగ చెట్టు కిందికి పోయాడు.

ఆమె తనూ ఒక గుక్క నోట్లో పోసుకుని చూసింది. ఉమ్మేసింది. మే నెలలో నీళ్ళు వేడెక్కక మంచు గడతాయా అనుకుంది.

తర్వాత ఒక గొర్రెల కాపరి వచ్చాడు. ముసలాయన. కర్ర మీద గడ్డం ఆనించి బానలను ఎగాదిగా చూశాడు.

"ఏమమ్మా, బానకు చలి పెడతాందా? స్వెట్టరు తొడిగినావు?"

"తాగితే తాగు. లేకపోతే నీ దారిన నువ్వు పో!"

"పోతాండా తల్లీ, పోతాండా. చలిజరం వచ్చిన బాన దగ్గర నాకేం పని?"

గొర్రెలతో సహా అవతలికి పోయాడు.

పన్నెండు దాటాక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు స్కూటీ ఆపారు. "అబ్బ, ఎంత బాగున్నాయే!" అని ఒకతె కేక పెట్టింది. ప్రసూనాంబ ప్రాణం లేచివచ్చింది. చిలకల పక్కన నిలబడి, పూల మీద చెంప ఆనించి ఫోటోలు తీసుకున్నారు.

"ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? ఫోటోలో మీరు పడుతున్నారు."

ఆమె జరిగింది. ఫోటోలయ్యాక వాళ్ళు రోడ్డు దాటబోయారు.

"నీళ్ళు ఇక్కడున్నాయమ్మా!" అరిచింది ప్రసూనాంబ.

"వద్దాంటీ, పాపం పూలు తడుస్తాయి," అంటూ నవ్వుకుంటూ వెళ్ళి మారెన్న ముందు వంగారు.

మండుటెండలో సామి తిరిగొచ్చాడు. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. పందిరి కిందికి వచ్చి, నీళ్ళడగకుండా బాన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఈ చిలక ముక్కును ఎట్లా వంచావమ్మా?"

ప్రసూనాంబ తబ్బిబ్బయింది. రెండేళ్ళలో ఆయన తన అల్లిక గురించి అడగడం ఇదే మొదలు. "మూడు గొలుసు కుట్లు వేసి, ఒకటి వదిలి, వెనక్కి తిప్పాను సామీ."

"రేకులు ఇట్లా పైకి లేచి నిలబడ్డాయే. పిండి పెట్టావా?"

"పిండి కాదు సామీ. బిగువు. చేతి బిగువు."

సామి రెండు బానల చుట్టూ తిరిగాడు. ఒక్కో గులాబీ మీదికీ వంగి చూశాడు. రెక్కలను వేలితో తడిమాడు. "ఇంత సన్నటి పని నేనెక్కడా చూడలేదు," అన్నాడు. ప్రసూనాంబకు కళ్ళు చెమర్చాయి. పొద్దుటినుంచీ పడ్డ మాటలన్నీ ఎగిరిపోయాయి. గబగబా ముంత ముంచి పట్టుకుంది.

సామి కర్ర తీసుకుని లేచి, రోడ్డు దాటి, మారెన్న ముందు దోసిలి పట్టాడు. ఒక ముంత తాగాడు. ఇంకో ముంత. మూడోది తాగుతుంటే నీళ్ళు గడ్డం మీదుగా కారి రొమ్మంతా తడిపాయి.

ప్రసూనాంబ ముంతను విసిరికొట్టింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, కాగిన తారు మీద పరుగెత్తి అవతలికి వెళ్ళింది.

"మీరు కూడానా సామీ? ఇంతసేపు పొగిడారే! రెక్కలు చూశారు, రేకులు చూశారు. ఒక్క గుక్క... ఒక్క గుక్క తాగితే మీ సొమ్మేం పోయింది? వీధిన పోయేవాళ్ళు నవ్వారంటే సరే, మీకేం వచ్చింది?"

సామి గడ్డం తుడుచుకున్నాడు.

"చూడమని పెట్టావమ్మా. చూశాను."

ఆమె వెనక్కి తిరిగి పందిరి కింది బానల వైపు చూసింది.

రెండింటి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. "ఎక్కేవాళ్ళెవరు?" అని కండక్టరు కేక వేశాడు. మారెన్న ముంతను బాన మూత మీద బోర్లించి, మూట చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అంది ప్రసూనాంబ.

"నువ్వే కదా టీచరమ్మా, రెండింటి బస్సుకు..."

"నోరు ముయ్యి."

ఆమె మొహంలో కోపం ఏమీ తగ్గలేదు. కొంగు నడుముకు దోపి, కానుగ చెట్టు కింద వంగి, రెండు చేతులూ దోసిలి చేసి పట్టింది.

"నీళ్ళు పొయ్యి."

మారెన్న మూట కింద పెట్టాడు.

కండక్టరు తలుపు కమ్మీ పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత, "రైట్," అన్నాడు.