నాలుక చేప కుడి కన్ను ఎటు పోయింది?

ఒకప్పుడు నాలుక చేపకి కూడా అన్ని చేపల్లాగే అటొక కన్ను, ఇటొక కన్ను ఉండేవి. నమ్మరా? ఆ రోజుల్లో సముద్రం ఇప్పటికి ఏడింతలు లోతు. ఒక్క గుక్క ఊపిరితో దాని అడుగుదాకా మునిగి, మూడు రోజులు అక్కడే బాసింపట్టు వేసుక్కూర్చుని చూసొచ్చినవాణ్ణి చెబుతున్నాను!

ఆ అడుగునే నాలుక చేప కాపురం. ఎడమ పక్క చందువ చేప ఇల్లు. కుడి పక్క తన ఇల్లు, వాకిట్లో ఆడుకునే ఒక్కగానొక్క కూతురు బుల్లెమ్మ. ఎడమ కన్ను వీధిని చూసేది. కుడి కన్ను బుల్లెమ్మని చూసేది.

ఒకరోజు చందువ తన గుమ్మానికి గవ్వల తోరణం కట్టింది.

"అబ్బో! మనదానికంటే మూరెడు పొడుగుందే!" అంది ఎడమ కన్ను.

నాలుక చేప తిండి మానేసి గవ్వలు ఏరుకొచ్చి, అంతకంటే పొడుగు తోరణం కట్టింది. చందువ వాకిట్లో పగడపు చెట్టు నాటింది. ఇది రెండు నాటింది.

"వదినా, మా పెద్దాడు గెంతుల పోటీలో గెలిచాడు!" అని కేకేసింది చందువ.

"మా బుల్లెమ్మ తిమింగలాన్నే ఓడించింది వదినా!" అంది నాలుక చేప, నదురూ బెదురూ లేకుండా. బుల్లెమ్మ అప్పటికి గోరంత ఉంది. దానికి తిన్నగా ఈదడమే రాదు!

ఇదంతా వింటున్న కుడి కన్ను ఆగలేకపోయింది. "ఎప్పుడూ నువ్వేనా చూడ్డం? వాళ్ళు ఇవాళ ఏం తెచ్చారో నన్నూ చూడనీ."

"ఇక్కడ చోటు లేదు, పో."

"జరగవే!"

అంతే! కుడి కన్ను కదిలింది. నుదురెక్కింది. నేను స్వయంగా చూశాను గనక సరిపోయింది, ఇంకొకడు చెబితే నేనే నమ్మేవాణ్ణి కాదు! నుదురు దాటి, అవతలికి దిగి, ఎడమ కన్ను పక్కన చతికిలబడింది. లేస్తున్న అలలు లేచినచోటే ఆగిపోయాయి!

నాలుక చేపకి తెలియనే లేదు. రెండు కళ్ళతో చందువ ఇంటిని తినేస్తోంది.

"అమ్మా! సొర!" బుల్లెమ్మ కేక.

"ఎక్కడే?"

"ఇటే వస్తోంది! నన్ను చూడవేం అమ్మా?"

కుడివైపు చూడబోయింది. చీకటి. మిట్టమధ్యాహ్నం కటిక చీకటి!

చందువ కెవ్వుమంది. "వదినా! నీ కన్ను... నీ కన్ను ఇటొచ్చేసిందేమిటి!"

నాలుక చేప కొయ్యబారిపోయింది. కూతురు ఏడుపు వినబడుతోంది. కూతురు కనబడటం లేదు.

ఆ ఏడుపు వచ్చినవైపుకి ఒక్కసారిగా ఒరిగి పడింది. పొట్ట కింద చిన్నగా ఏదో గిలగిల్లాడింది. దాన్ని అలాగే ఇసుకలోకి అదిమి, పల్చగా పరుచుకుంది. లేచిన ఇసుక మీద పడి కప్పేసింది. కొండంత సొర వచ్చింది, వాసన చూసింది. ఉత్త ఇసుక. వెళ్ళిపోయింది.

"ఇంక నీ చోటికి వెళ్ళవే" అని కన్నుని బతిమాలింది నాలుక చేప.

"దారి మూసుకుపోయిందమ్మా" అంది కన్ను.

కింద నుంచి బుల్లెమ్మ అడిగింది. "అమ్మా, కనబడుతున్నానా?"

"వినబడుతున్నావు తల్లీ."

అప్పటినుంచే నాలుక చేప కుడి పక్కని నేలకి ఆనించి, రెండు కళ్ళూ ఒకే పక్కన పెట్టుకుని, ఇసుకలో పడుకుంటోంది. దాని పిల్లలు మాత్రం ఈనాటికీ అటొక కన్ను, ఇటొక కన్నుతోనే పుడతాయి. కొన్నాళ్ళు బాగానే ఉంటాయి. పక్కింటివైపు చూడటం మొదలుపెట్టాక, కుడి కన్ను మెల్లగా కదులుతుంది.