ఎడమచేతి చాకు

పెన్న ఒడ్డున ఉన్న చిన్న దర్గాలో కుళ్ళాయప్పది పూలతోట పని. తెల్లారే గులాబీలు కోసి, దారానికి గుచ్చి, సమాధి మీద కప్పే పూల చాదర్ అల్లుతాడు. సాయంత్రం మిగతా శిష్యులతో కలిసి జమాల్ బాబా చుట్టూ కూర్చుని దేవుడి నామం తలుచుకుంటాడు. అంతే అతని జీవితం. ఏ చీకూ చింతా లేకుండా సాగిపోయేది, ఆ చాకు జేబులోకి వచ్చేదాకా.

కుళ్ళాయప్పది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం దగ్గర అమ్మ చేతి మీద కొట్టేది. బడిలో అయ్యవారు బలపం లాగి కుడిచేతిలో పెట్టేవాడు. పెద్దయ్యాక కొట్టేవాళ్ళు లేరు గానీ, వస్తువులు మాత్రం ఊరుకోలేదు. సంతలో కొన్న ఏ మడత చాకుకైనా గోరు పెట్టి తెరిచే గాడి అతనికి అవతలి వైపే ఉండేది. పళ్ళతో లాగి తెరుచుకునేవాడు.

పక్క ఊరి కమ్మరి మోనాచారి ఒక గురువారం దర్గాకు వచ్చి ఇది చూశాడు. తోటలోంచి తడి బంకమట్టి ముద్ద తీసి అతని ఎడమచేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో అప్పా, చాకు పట్టుకున్నట్టు."

వేళ్ళ ముద్రలు పడిన ఆ ముద్దను తువ్వాలులో చుట్టుకొని వెళ్ళిపోయాడు. నెల తిరిగే వేళకు చాకు తెచ్చి ఇచ్చాడు.

పాత లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి, పదునుపెట్టి చేసిన అలుగు. పిడి చింత చేవ. నల్లగా, నున్నగా, లోపల ఎర్ర జీరలతో ఉంది. వేళ్ళు ఆనే చోట్ల పల్లాలు తీసి ఉన్నాయి. గాడి సరిగ్గా అతని గోటికి ఎదురుగా ఉంది. తెరిస్తే టక్కుమని ఒక్క చప్పుడు. మూస్తే అంతకంటే మెత్తగా ఇంకొకటి. దాన్ని పట్టుకున్న మొదటి క్షణంలో కుళ్ళాయప్పకు, ఎవరో తన చెయ్యి అందుకొని "బాగుండావా?" అని పలకరించినట్టు అనిపించింది. తన చేతి కోసం ఈ లోకంలో ఎవరైనా ఏదైనా చేయడం అదే మొదలు.

ఆ రోజునుంచే చిక్కు వచ్చి పడింది.

ఆ చాకుతో ఏదైనా కోయడానికి మనసు ఒప్పలేదు. గులాబీ జిగురు అంటితే మరక పడుతుందేమో, ముల్లు గీసుకుంటే మెరుపు పోతుందేమో అని భయం. సమాధికి బట్ట చాదర్లు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ శాటిన్ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పూలు మాత్రం తుప్పు పట్టిన పాత చాకుతోనే కోస్తున్నాడు. నామస్మరణలో కూర్చుంటే చెయ్యి దానంతటదే జేబు దగ్గరికి పోతుంది. తడిమి చూస్తుంది. ఉంది. కాసేపటికి మళ్ళీ తడుముతుంది.

యాత్రకు వచ్చిన ఒక పెద్దమనిషి ఇది గమనించి, "వస్తువు మీద ప్రేమ ఉన్న గుండెలో దేవుడికి చోటుండదు" అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట కుళ్ళాయప్పకు నిద్ర లేకుండా చేసింది.

తరువాతి గురువారం పొద్దున్నే బాబా దగ్గరికి వెళ్ళాడు. బాబా చెప్పులకు అంటిన బురదను పుల్లతో గీకుతున్నాడు.

"బాబా, ఈ చాకును పెన్నలో పారేస్తాను" అన్నాడు కుళ్ళాయప్ప, మూట ముందు పెట్టి.

"అదేం చేసింది పాపం?"

"అదేమీ చెయ్యలేదు బాబా."

"ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదు."

బాబా మూట విప్పాడు. చాకును వెలుతురుకు పెట్టి చూశాడు. పిడి మీద బొటనవేలితో నిమిరాడు. ముక్కు దగ్గర పెట్టుకొని చేవ వాసన చూశాడు. తెరవబోయాడు. కుడిచేతివాటం మనిషి, గాడి దొరకలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరికి పకపకా నవ్వాడు.

"ఎంత ముద్దుగా చేసినాడప్పా మోనాచారి! నాతో మాత్రం మాట్లాడనంటుంది."

చాకును కుళ్ళాయప్ప చేతిలో పెట్టి, శాటిన్ గుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ గుడ్డ బాగుంది. నాకియ్యి."

"చాకు...?"

"అది నాకు తెరుచుకోదు కదా, నేనేం చేసుకోను? ఆ, నీ పాత చాకు కూడా ఇట్లా ఇయ్యి. ఈ పుల్లకు బురద ఊడడం లేదు."

కుళ్ళాయప్ప పాత చాకు ఇచ్చాడు. బాబా ఇక తలెత్తలేదు. చెప్పు గీక్కుంటూ కూర్చున్నాడు.

ఏం చేయాలో తెలియక కుళ్ళాయప్ప తోటలోకి వెళ్ళాడు. గురువారం గనక జనం వచ్చేలోపు చాదర్ తయారు కావాలి. చేతిలో ఉన్నది ఒక్కటే చాకు. తెరిచాడు. టక్. కళ్ళు సగం మూసుకొని మొదటి కాడ మీద పెట్టాడు.

కోసినట్టే తెలియలేదు. పువ్వు చేతిలో ఉంది.

పాత చాకుతో కోస్తే కాడ నలిగి చీలిపోయేది. ఇది ఏటవాలుగా తెగి, చివర నీటి చుక్క నిలిచింది. ఇంకో పువ్వు కోశాడు. ఇంకోటి. చేతికి బరువు తెలియడం లేదు. చాదర్ ఎన్నడూ లేనంత త్వరగా పూర్తయింది. తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నట్టు తోటలో నీళ్ళు మోసే ఆమె నవ్వితే గానీ గుర్తించలేదు.

మధ్యాహ్నానికి చాకు ఊరంతటిదీ అయిపోయింది. ఒకావిడ మొక్కు కొబ్బరికాయ పీచు తీసివ్వమని వచ్చింది. ఒకాయన చెప్పు పట్టీ తెగి వచ్చాడు. ఎవరో చెరుకు గడ, ఎవరో మూట ముడి. అడిగిన ప్రతిసారీ కుళ్ళాయప్ప గుండె కాస్త గుబుక్కుమంది. కానీ చాకు తెరుచుకున్న ప్రతిసారీ ఆ గుబులు ఇంకాస్త చిన్నదయింది.

ఎండ వాలే వేళకు దర్గా పక్కనున్న కాలువ గట్టు మీదినుంచి కేకలు వినిపించాయి.

ఇసుక తిన్నెల్లో పుచ్చకాయలు పండించే ఓబులేసు, దర్గాకని బండెడు కాయలు తోలుకొస్తున్నాడు. గట్టు దిగేచోట చక్రం జారింది. బండి ఒరిగి, ఎర్రెద్దు కాలువలోకి జారి వేలాడింది. జత ఎద్దు గట్టు మీదే ఉండిపోవడంతో కాడి పైన ఇరుక్కుంది. కాడికి కట్టిన తాడు ఎద్దు మెడకు ఉరి బిగించింది. దాని కళ్ళు బయటికి వచ్చేశాయి. నాలుక వేలాడుతోంది. ఓబులేసు ముడి విప్పబోతున్నాడు గానీ అంత బరువుకు అది రాయిలా బిగుసుకుపోయింది.

"కత్తి! ఎవురన్నా కత్తియ్యండి సామీ! నా బిడ్డ చచ్చిపోతాండాది!"

కుళ్ళాయప్ప గట్టు మీదినుంచి దూకేశాడు. ఎద్దు ఎడాపెడా తన్నుతోంది. కుడిచేత్తో కాడి పట్టుకొని వేలాడాడు. ఎడమచెయ్యి జేబులోకి పోయి రావడం, చాకు తెరుచుకోవడం అతను చూడలేదు. ఎక్కడ గాడి, ఎక్కడ పిడి అని వెతుక్కోలేదు. తాడు కింద అలుగు దూర్చి ఒక్క లాగు లాగాడు.

తాడు తెగింది. ఆ ఊపుకు అలుగు కాడికున్న ఇనప కడియానికి ఖణేల్‌మని తగిలింది.

ఎద్దు నీళ్ళలో పడింది. అది దగ్గింది. మళ్ళీ దగ్గింది. బుసకొట్టి, నీళ్ళు విదిలించుకుంటూ లేచి నిలబడి, ఏమీ జరగనట్టు పక్కన తేలుతున్న పుచ్చకాయ ముక్కను నోట కరుచుకుంది. గట్టు మీది జనం ఒక్కసారిగా నవ్వారు. ఓబులేసు ఎద్దు మెడ కౌగిలించుకొని ఏడ్చాడు, ఆ వెంటనే తనూ నవ్వాడు. పగిలిన కాయలను అక్కడికక్కడే అందరికీ పంచాడు. పెద్దాచిన్నా మోచేతులదాకా ఎర్రరసం కార్చుకుంటూ తిన్నారు.

కుళ్ళాయప్ప నీళ్ళలోనే నిలబడి చాకు కడుక్కున్నాడు. అలుగంతా మరకలు. అంచున బియ్యపు గింజంత నొక్కు పడింది. తనకిప్పుడు ఏడుపు వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు.

అయితే సాయంత్రం మోనాచారి దర్గా మెట్లెక్కుతుంటే మాత్రం తలొంచుకొని ఎదురు వెళ్ళాడు. చాకు తెరిచి రెండు చేతులా పట్టుకొని చూపించాడు.

"ఆచారన్నా, నువ్వు చేసిచ్చిన దాన్ని ఇట్లా చేసినాను."

మోనాచారి నొక్కు మీద వేలు పెట్టి చూశాడు. "దేనికి తగిలింది?"

"కాడి కడియానికి."

"ముందు ఏం కోసినావు?"

"ఎద్దు మెడ తాడు. ఓబులేసు ఎర్రెద్దుది."

"ఎన్ని గాట్లు?"

"ఒకటే లాగు."

మోనాచారి మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. "ఎట్లా లాగినావు? కింది నుంచా, పై నుంచా? చెయ్యి జారిందా? తడిలో పిడి పట్టు నిలిచిందా?" కుళ్ళాయప్ప అంతా చెప్పాడు. పొద్దుటి గులాబీ కాడతో మొదలుపెట్టి చెప్పాడు. అతను చెబుతుంటే కమ్మరి ముఖం కొలిమిలో ఇనుములా వెలిగింది.

"మా నాయన కాలం నుంచి చేసి ఇస్తానే ఉండాం అప్పా. తీసుకుపోయినోళ్ళెవరూ తిరిగొచ్చి, ఇది ఈ పని చేసిందని చెప్పలేదు. ఇంకొకసారి చెప్పు."

రెండోసారి విన్నాక ఉండబట్టలేక లేచాడు. వేపచెట్టుకు కట్టేసి ఉన్న ఎర్రెద్దు దగ్గరికి పోయి, దాని మెడ మీద తాడు ఒరిసిన చోట చేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఎద్దు అతని భుజం నాకింది.

తిరిగొచ్చి సంచిలోంచి సానరాయి తీశాడు. "ఇట్లా తే. నొక్కు తీసేస్తా."

కుళ్ళాయప్ప చాకును గుండెకు ఆనించుకున్నాడు. "వద్దన్నా. ఉండనీ. ఒక ప్రాణం కాపాడిన గుర్తు అది. చూసుకున్నప్పుడల్లా..."

ఎప్పుడు వచ్చాడో, జమాల్ బాబా అతని వెనక నిలబడి పుచ్చకాయ ముక్క తింటున్నాడు. గడ్డమంతా గింజలు.

"రేపటి గులాబీకి ఎద్దు సంగతి తెలీదు నాయనా, నొక్కు మాత్రమే తగుల్తాది" అన్నాడు.

కుళ్ళాయప్ప బాబా వంక చూశాడు. చాకు వంక చూశాడు. తర్వాత దాన్ని మోనాచారి చేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి, సానరాయి మీద సన్నటి ధారగా పోస్తూ కూర్చున్నాడు.