నాంచారమ్మ సత్రం కట్టుబాటు

రాజబాట పక్కనున్న సత్రాన్ని నడిపేది నాంచారమ్మ. ఆవిడ గరిటె పట్టదు, చీపురు పట్టదు. కానీ ఆవిడ కన్ను పడందే అక్కడ పొయ్యి రాజుకోదు, పక్క పడదు. ఆ సత్రంలో తలుపున్న గది ఒక్కటే.

ఓ సాయంత్రం దండనాయకుడు భైరవరాజు గుర్రం దిగుతూనే, "ఆ గది నాకు ఖాళీ చేయించు!" అని కేకేశాడు.

"అందులో పచ్చి బాలింత ఉంది దొరా, పొద్దుటే దిగింది."

"అయితే ఏం? చిన్నవాళ్ళు లేచి పెద్దవాళ్ళకు చోటివ్వాలి."

"చిత్తం, అదే కట్టుబాటు చేస్తాను. కాకపోతే రాజుగారి బావమరిది దీపాలవేళకు వస్తున్నట్టు కబురొచ్చింది. ఆయన రాగానే తమరిని లేపాలి కదా! తమకు పక్క ఎక్కడ వేయించమంటారు?"

దండనాయకుడి మీసం వాలిపోయింది. "ముందొచ్చినవాళ్ళదే చోటు. అదే కట్టుబాటు చెయ్యి," అని గొణిగి, అరుగు మీద చాప వేయించుకున్నాడు.

దీపాలు పెట్టేసరికి బావమరిది రానేవచ్చాడు. వస్తూనే గది కావాలన్నాడు. నాంచారమ్మ నోరు విప్పేలోపే భైరవరాజు లేచి నిలబడ్డాడు.

"కుదరదండీ! ముందొచ్చినవాళ్ళదే చోటు. నేనే అరుగు మీద సర్దుకున్నాను. కావాలంటే నా పక్కన ఇంకో చాప వేయిస్తాను!"

ఆ చాప నాంచారమ్మ ఎప్పుడో వేయించి ఉంచింది.